నీళ్లంటే మనకెందుకు భయం?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు పోటీ పరీక్షల గురించో, ఇంగ్లీషు గురించో రాస్తామని అనుకుని ఉంటారు. అవి అవసరమే. వాటి మీద రాసే అన్నలు, అక్కలు చాలామంది ఉన్నారు. మేము మాత్రం ఈసారి నీళ్ల భయం గురించి రాస్తున్నాం. వెంటనే నవ్వకండి. చివరిదాకా చదివాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వండి.

మేము నలుగురం. పదో తరగతి దాకా ఈ హాస్టల్ వరండాలోనే పక్కపక్కన చాపలు పరుచుకుని పడుకున్నాం. ఇప్పుడు పీజీ చదువుతూ హైదరాబాద్‌లో ఫిలింనగర్ బస్తీలో ఒకే గదిలో అద్దెకుంటున్నాం. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. నలుగురిలో ఒక్కరికీ ఈత రాదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఇరవై మూడేళ్లు వచ్చాక గానీ మాకు తెలియలేదు.

మన హాస్టల్లోనే చదివి, ఇప్పుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక అన్న ఉన్నాడు. పరీక్షలు అయిపోయిన వారంలో ఆయన ఫోన్ చేసి, "దుర్గం చెరువుల కాయకింగ్ నేర్పిస్తున్నరు. కొత్తవాళ్ల కోర్సు, రెండు ఆదివారాలు. మీ నలుగురి పేర్లు రాయించిన" అన్నాడు. ఫీజు కూడా ఆయనే కట్టేశాడు. కాయక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చునే సన్నని చిన్న పడవ. రెండు కొసల్లో రెక్కలున్న తెడ్డుతో నడపాలి. అన్నకు కాదని చెప్పే ధైర్యం లేక ఒప్పుకున్నాం. శనివారం రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. ఒకడు తెల్లవారుజామున లేచి తన నుదురు తనే పట్టుకుని చూసుకుని, "జ్వరం వచ్చినట్టుంది" అన్నాడు. మిగతా ముగ్గురమూ పట్టి చూశాం. ఒళ్లు చల్లగా ఉంది.

ఫిలింనగర్ అనగానే మీకు సినిమావాళ్ల ఇళ్లు గుర్తొస్తాయి. తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాద్‌కు వచ్చాక ఈ గుట్టల మీదే స్టూడియోలు, బంగళాలు వెలిశాయి. వాటి పక్కనే బండల మీద మా బస్తీలూ ఉన్నాయి. మాలో ఒకడి కుటుంబం పదేళ్ల కిందట పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చింది. వాళ్ల నాయన సినిమా సెట్టింగుల్లో కూలీ. వాన సీను ఉన్న రోజు ట్యాంకర్ దగ్గర పైపు పట్టుకుంటాడు. హీరో హీరోయిన్లు ఆ వానలో తడుస్తారు. ఆయన ఇంటికొచ్చేసరికి అమ్మ బిందెలు పట్టుకుని ఇంకో ట్యాంకర్ కోసం లైన్లో నిలబడి ఉంటుంది. ఆ అమ్మ జూబ్లీహిల్స్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆ ఇంట్లో ఈతకొలను ఉంది. రోజూ దాని గట్టు కడుగుతుంది. అందులో ఇంతవరకు పాదం పెట్టలేదు. మేము కాయకింగ్‌కు పోతున్నామని తెలిసి, "నీళ్లతోని, నిప్పుతోని ఆటలేంది బిడ్డా?" అని ఒకటే గొణుగుడు.

ఆదివారం పొద్దున్నే రోడ్ నంబర్ 45 మీదుగా నడిచి, 2020లో తెరిచిన తీగల వంతెన దాటి, అవతలి ఒడ్డుకు చేరాం. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇచ్చిన చెరువు అది. ఇప్పుడు ఒక మూల గుర్రపుడెక్క, కొంచెం వాసన. కానీ మా కంటికి అవేవీ ఆనలేదు. లోతు ఎంతుంటుందన్న ఒక్క ఆలోచనే.

నేర్పించే అతను మా వయసువాడే. "ఎవరికి భయమైతుంది?" అని అడిగాడు. పదిమంది ఉన్నాం. ఎవరూ చెయ్యెత్తలేదు. అతను నవ్వి, "భయం లేనోడికి నేను తెడ్డు ఇయ్యను" అన్నాడు. మెల్లగా తొమ్మిది చేతులు లేచాయి. కారులో వచ్చినవాళ్ల చేతులు కూడా వాటిలో ఉన్నాయి. మాకు సగం బరువు అక్కడే దిగిపోయింది.

మొదటి గంట ఒడ్డు మీదే. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే అది గడ్డం దాటి రాకూడదు. తెడ్డు కుడివైపు వేస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. చేతులతో కాదు, నడుము తిప్పి వెయ్యాలి. ఇవన్నీ చెప్పాక నీళ్లలోకి దింపి, నడపడం కంటే ముందు నేర్పింది ఏమిటో తెలుసా? పడిపోవడం! కావాలని పడవ బోల్తా కొట్టించుకోవాలి. జాకెట్ మనల్ని పైకి తెస్తుంది. అప్పుడు పడవ అంచు పట్టుకుని, కాళ్లు తన్నుతూ, పొట్ట మీద పాకి మళ్లీ ఎక్కాలి. ముగ్గురం పడ్డాం, నీళ్లు మింగాం, దగ్గాం, ఎక్కాం. నాలుగోవాడు అంచు వదలలేదు. ముఖం తెల్లబోయింది. నేర్పించే అతను తిట్టలేదు, తొయ్యలేదు. పడవ పట్టుకుని, "ఇక్కడే ఉన్న అన్నా. ఇయ్యాల వద్దంటే వచ్చే వారం" అన్నాడు. వాడు రెండో ఆదివారం పడ్డాడు. పైకి తేలి వచ్చాక ఏడ్చాడు. ఎందుకో మా ముగ్గురికీ తెలుసు.

మేము ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో వాడి ఊళ్లో, ఊరి బయట క్వారీ గుంతలో వాడి దోస్తు ఒకడు మునిగిపోయాడు. స్నానానికని దిగాడు. రెండడుగులు వేసేసరికి అడుగు లేదు. మావాడు గట్టు మీద ఉన్నాడు. వాడలో నుంచి పెద్దవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఇరవై మంది దాకా ఒడ్డున నిలబడి అరిచారు. వాళ్లలో ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఒంటి మీది పంచె విప్పి విసిరితే అందేంత దూరమేనట. ఆ మాట తట్టినవాడూ లేడు. సెలవుల తర్వాత హాస్టల్‌కు వచ్చినప్పుడు మావాడు ఈ కథ చెప్పి, "నేను పిరికోణ్ని" అన్నాడు. పన్నెండేళ్లుగా ఆ మాటే నమ్మాడు. మేమూ నమ్మాం.

అది నిజం కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

మన ఊళ్లలో ఈత ఎవరికి వచ్చు? సొంత వ్యవసాయ బావి ఉన్న ఇళ్ల పిల్లలకు. నడుముకు బెండో, తాడో కట్టి తండ్రి బావిలో దింపేవాడు. మన తాతలకు బావి ఎక్కడిది? ఊరి బావి మీద చెయ్యి వేస్తేనే మైలపడిందని గోల చేసిన రోజులవి. నీళ్లు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన మనిషి ఆ నీళ్లలో దిగి ఈత ఎలా నేర్చుకుంటాడు? 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగడానికే అంబేద్కర్ గారు వేలమందిని వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చింది. 1985 జులైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మనవాళ్లు తాగే నీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. చెరువు మనకు ఆట స్థలం కాలేదు. భయపడాల్సిన చోటు అయింది. ఆ భయాన్నే అమ్మలు జాగ్రత్తగా మనకు అప్పగించారు.

ఇది మన ఒక్కరి కథ కూడా కాదు. అమెరికాలో నల్లజాతివారిని దశాబ్దాలపాటు తెల్లవాళ్ల ఈతకొలనుల్లోకి రానివ్వలేదు. అందరినీ కలిపి ఈదనివ్వాలని కోర్టులు చెబితే కొన్ని పట్టణాలు కొలనులనే మూసేశాయి. తాతలకు రాని ఈత మనవళ్లకూ రాలేదు. నేటికీ అక్కడ నీట మునిగి పోయే పిల్లల్లో నల్లపిల్లల నిష్పత్తే ఎక్కువ.

మన దేశంలో 2022లో నీట మునిగి 38 వేల మందికి పైగా చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ ఒక్కొక్కరి వెనుకా ఒడ్డున నిలబడి అరిచినవాళ్లు ఉంటారు.

"మెస్ చార్జీలు చాలక, బాత్‌రూమ్ తలుపులు లేక మనం ధర్నాలు చేస్తుంటే మీకు కాయకింగ్ కావాల్సి వచ్చిందా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అది పెద్దవాళ్ల ఆట అనే మేమూ అనుకున్నాం. తీరా తెలుసుకుంటే, కాయక్ పుట్టింది మంచు దేశాల్లో ఇన్యూట్ వేటగాళ్ల చేతుల్లో. కొట్టుకొచ్చిన కర్రలు, ఎముకలతో చట్రం కట్టి, సీల్ చర్మం కప్పి, కూటి కోసం చేసుకున్న పడవ అది. మన కృష్ణ మీద చేపలు పట్టే పుట్టిలాంటిదే. పేదవాడి పనిముట్టు డబ్బున్నవాడి ఆటగా మారి మన ముందుకు వచ్చింది. వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టులో కొన్నేళ్ల కిందట చుట్టుపక్కల ఊళ్ల యువకులే కాయక్‌లు నడిపించి ఉపాధి పొందారు. ఎవరెస్టు కూడా మనది కాదనే అనుకున్నాం. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ దాని మీద నిలబడేదాకా. వాళ్లను ఎవరో నమ్మారు, ఎవరో నేర్పారు. తేడా అంతే.

"నేర్పితే పిల్లలు చెరువుల మీద పడతారు, మీద పడే బాధ్యత ఎవరిది?" అనేది రెండో మాట. నేర్పకపోయినా దిగుతూనే ఉన్నారు కదా! "చెరువు దిక్కు పోతే టీసీ చేతికిస్తా" అన్న బెదిరింపు వింటూనే మేమూ పోయాం. నీళ్ల చదువంటే దూకడం ఒక్కటే కాదు. ఎక్కడ దిగకూడదో తెలియడం కూడా. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ వరదకు ఎంత ఈత వచ్చినా సరిపోదు. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈతతోపాటు నీటి జాగ్రత్తలు, ప్రమాదం లేకుండా రక్షించే పద్ధతి నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఇందుకే. బంగ్లాదేశ్‌లో ఊరి చెరువుల్లోనే వెదురు మంచెలు కట్టి పిల్లలకు నేర్పుతున్నారు. కోట్ల రూపాయల కొలను అక్కర్లేదు.

అందుకే మేము అడిగేది ఇది. మన హాస్టల్లో ఏడాదికి ఒక్కసారైనా నీటి జాగ్రత్తల శిక్షణ పెట్టాలి. మునుగుతున్నవాడి కోసం దూకవద్దు, కర్రో చీరో తాడో అందించు, పెద్దవాళ్లను పిలువు అన్న మూడు ముక్కలు ఆరో తరగతి పిల్లవాడికి కూడా నోటికి రావాలి. చెల్లెళ్ల హాస్టళ్లకు మహిళా శిక్షకులతో విడిగా పెట్టాలి. మా కోర్సులో ముగ్గురు ఆడపిల్లలున్నారు. వాళ్లు మాకంటే ముందే బోల్తా కొట్టి లేచారు. పూర్వ విద్యార్థులైన అన్నలూ, అక్కలూ వార్షికోత్సవానికి ఫ్లెక్సీలు, శాలువాల ఖర్చు కొంత తగ్గించి, ఏటా నలుగురు పిల్లల ఈత ఫీజు కట్టండి. మాకు ఒక అన్న కట్టాడు. వచ్చే ఏడాదికి ఒక్కరి ఫీజు మేము నలుగురం కలిసి కడతామని ఇక్కడే రాసిస్తున్నాం.

రెండు ఆదివారాలతో మేము ఈతగాళ్లం కాలేదు. జాకెట్ లేకుండా ఇప్పటికీ దిగం. వంతెన కింద నీళ్ల మధ్యలో తెడ్డు ఆపి తలెత్తి చూసినప్పుడు గుండె దడదడలాడుతూనే ఉంది. పైన కార్లు పోతున్నాయి. పడితే ఎలా ఎక్కాలో మాకు తెలుసు. అంతే, అదొక్కటే కొత్త సంగతి.

తిరిగొచ్చేటప్పుడు బస్తీ మలుపులో అమ్మ బిందెలతో నిలబడి ఉంది. తడి బట్టలు చూసి, "పడ్డరా?" అంది. "పడ్డం అమ్మా, మళ్ల ఎక్కినం" అన్నాడు మావాడు. పన్నెండేళ్ల తర్వాత నీళ్ల గురించి మాట్లాడుతూ వాడు నవ్వడం మేము చూశాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భయపడటం తప్పు కాదు. ఎవరైనా "భయమైతుందా?" అని అడిగితే చెయ్యెత్తండి. కానీ ఆ భయాన్ని మీ పిల్లలకు మాత్రం అప్పగించకండి.