ఆటగాడైన అబ్బాయికి ఏ వసతి పాఠశాల?

గత నెలలో ఒక సాయంత్రం అసర్ నమాజు ముగించుకుని మస్జిద్ వరండాలో కూర్చుని ఉండగా, రాయచోటి వైపు నుంచి ఒక పెద్దాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒక చేతిలో బేనీషా పండ్ల సంచి, మరొక చేతిలో నాలుగు పేజీల ఉత్తరం. ఆయన కుమారుడు, కోడలు ఎన్నో ఏళ్ళుగా ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో నివసిస్తున్నారు. పదిహేనేళ్ళ మనవడు వేగంగా బంతి వేస్తాడు. అక్కడి కౌంటీ బాలుర జట్టులో స్థానం సంపాదించుకున్నాడు. కోడలు ఫోనులో పంపిన ఉత్తరాన్ని పెద్దాయన ఊళ్ళో అచ్చు తీయించి తెచ్చారు. "మౌలానా సాబ్, చదివి ఒక్క మాట చెప్పండి. మీరు సరేనంటే తోట బేరానికి పెడతాను" అన్నారు.

ఉత్తరంలోని విషయం ఇది. వచ్చే వేసవిలో అబ్బాయి జి.సి.ఎస్.ఇ. పరీక్షలు రాస్తాడు. ఆ తరువాతి రెండేళ్ళ చదువును అక్కడ సిక్స్త్ ఫామ్ అంటారు. మన ఇంటర్మీడియట్ వంటి దశ అది. సాధారణంగా మూడు విషయాలు మాత్రమే ఎంచుకుని ఎ లెవెల్ పరీక్షలకు చదువుతారు. క్రికెట్‌కు పేరుపడిన మూడు ప్రైవేటు వసతి పాఠశాలలను తండ్రి ఎంపిక చేసి పెట్టుకున్నారు. ఒక పాఠశాల కోచ్ స్వయంగా ఫోను చేసి స్కాలర్‌షిప్ ప్రస్తావన తెచ్చారట. తండ్రి సంతోషం తండ్రిది. తల్లి మాత్రం ఇలా రాశారు: "అబ్బాయి ఐదు పూటలా నమాజు చేస్తున్నాడు. మా కళ్ళ ముందు ఉన్నందువల్ల చేస్తున్నాడో, తనకై తాను చేస్తున్నాడో నాకు తెలియదు. అది తెలుసుకోవడానికి మామగారి తోటను పణంగా పెట్టలేను."

ఒక్క మాటలో జవాబు చెప్పడం మాకు చేతకాక కాదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒకసారి అలాగే చెప్పాము. చక్కగా పరుగెత్తే ఒక బాలుణ్ణి క్రీడా వసతిగృహంలో చేర్చుకుంటామని పిలుపు వస్తే, అతని తండ్రి మమ్మల్ని సలహా అడిగారు. ఆ వసతిగృహాన్ని మేము చూడలేదు, అక్కడి వారితో మాట్లాడలేదు, బాలుణ్ణి పిలిచి అడగనైనా లేదు. "వద్దు, నమాజు పోతుంది" అన్నాము. బాలుడు పరుగు మానేశాడు. కొన్నాళ్ళకు బడి మానేశాడు. మరికొన్నాళ్ళకు, మేము దేనిని కాపాడుతున్నామనుకున్నామో అదీ మానేశాడు. ఇప్పుడు టైర్ల దుకాణం నడుపుతున్నాడు. ఎదురుపడితే మర్యాదగా సలాం చేస్తాడు. ఆ సలాం మాకు బరువుగానే ఉంటుంది. అందుకే ఈసారి పెద్దాయనను రాత్రికి మా ఇంట ఉండమని కోరి, ఉత్తరాన్ని రెండుసార్లు చదివాము.

మొదట సొమ్ము విషయం. ఇంగ్లండు ప్రైవేటు పాఠశాలలో వసతితో కూడిన చదువుకు ఏడాదికి నలభై వేల పౌండ్లు దాటడం సాధారణం. పెద్ద పేరున్న వాటిలో యాభై వేలు కూడా దాటుతుంది. 2025 జనవరి 1 నుంచి ఈ రుసుములపై ఆ దేశ ప్రభుత్వం 20 శాతం పన్ను విధిస్తున్నది. పౌండు విలువ నూరు రూపాయలకు పైమాటే గనుక, రెండేళ్ళకు కోటి రూపాయల చుట్టూ లెక్క తేలుతుంది. కుమారునికి వడ్డీ అప్పు ఇష్టం లేదు. కాబట్టి తోట.

స్కాలర్‌షిప్ అనే మాట విని చాలామంది తండ్రులు నిశ్చింత పడతారు. అక్కడ ఆ మాటకు అర్థం చాలా చోట్ల గౌరవమే. రుసుములో తగ్గేది స్వల్పం. కుటుంబ ఆదాయాన్ని పరిశీలించి ఇచ్చే సహాయాన్ని బర్సరీ అంటారు. పెద్ద మొత్తం తగ్గేది దానివల్లనే, దానికి దరఖాస్తు కూడా వేరు. కోచ్ నోట స్కాలర్‌షిప్ మాట వచ్చిందంటే బర్సరీ వచ్చినట్లు కాదు. ఎంత శాతం, ఎన్నేళ్ళు, ఏ షరతులపై అన్నది కార్యాలయం వ్రాతపూర్వకంగా తెలపాలి. ప్రవేశ పరీక్షలు, ముఖాముఖి చాలా పాఠశాలల్లో ఏడాది ముందటి శరదృతువులోనే ముగుస్తాయి. వచ్చే వేసవి ఫలితాల దాకా ఆగుదామనుకుంటే తలుపులు మూసుకుంటాయి. మరొకటి: పిల్లవాణ్ణి మాన్పించాలంటే ఒక పూర్తి టర్ము ముందు నోటీసు ఇవ్వాలి, లేదా ఆ టర్ము రుసుము చెల్లించాలి. మూడు వారాలకే అబ్బాయి ఏడుస్తూ ఇంటికి వచ్చేస్తే ఎంత పోతుందో సంతకానికి ముందే లెక్క వేసుకోవాలి.

ఆటగాళ్ళను చేరదీసే పాఠశాలలు అక్కడ ఏనాటి నుంచో ఉన్నాయి. సోమర్సెట్‌లోని మిల్‌ఫీల్డ్ పాఠశాలను 1935లో జాక్ మేయర్ అనే క్రికెట్ ఆటగాడు నెలకొల్పారు. మన దేశంలో కొన్నేళ్ళు ఉండి, ఇక్కడి నుంచి వెంట తీసుకువెళ్ళిన ఏడుగురు బాలురతో ఆయన దానిని ప్రారంభించారు. సంపన్నుల వద్ద ఎక్కువ రుసుము తీసుకుని, ప్రతిభ గల వారికి తక్కువకే చోటిచ్చేవారని ఆయనకు పేరు. ఇంగ్లండు బ్యాట్స్‌మన్ జో రూట్ కూడా షెఫీల్డ్‌లోని ప్రభుత్వ పాఠశాల నుంచి క్రికెట్ స్కాలర్‌షిప్‌పై వర్క్‌సాప్ కాలేజీకి వెళ్ళారు. అక్కడ ఆయన వారాంతాలలో ఇంటికి వచ్చే పద్ధతిలో ఉన్నారు. ఈ వారపు వసతి పద్ధతిని తల్లి ఉత్తరం ప్రస్తావించనే లేదు. లెస్టర్‌కు గంట ప్రయాణంలో ఉన్న పాఠశాల దొరికితే ముందుగా అడగవలసింది ఇదే. అయితే శనివారం ఉదయం తరగతులు, మధ్యాహ్నం మ్యాచ్‌లు ఉండే పాఠశాలలు అనేకం. వారాంతం అంటే ఒక్క రాత్రి మాత్రమే కావచ్చు.

పటౌడీ నవాబు మన్సూర్ అలీ ఖాన్ కథ పెద్దాయనకు కొంత తెలుసు, మేము తక్కినది చెప్పాము. ఆయన పదకొండవ పుట్టినరోజునే, 1952 జనవరి 5న, తండ్రి పోలో ఆడుతూ మరణించారు. తరువాత బాలుణ్ణి ఇంగ్లండులో చదివించారు. వించెస్టర్ కాలేజీలో 1959లో కెప్టెనుగా ఒకే సీజనులో 1,068 పరుగులు చేసి, డగ్లస్ జార్డిన్ 1919లో నెలకొల్పిన పాఠశాల రికార్డును దాటారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా 1961లో కారు ప్రమాదం జరిగి కుడి కంటి చూపు పోయింది. కొద్ది నెలలకే ఒంటి కంటితో భారత జట్టులోకి వచ్చారు. ఇరవై ఒకటవ ఏట కెప్టెను అయ్యారు. తరువాత మన హైదరాబాదు జట్టు తరఫున జయసింహ నాయకత్వంలో రంజీ ట్రోఫీ ఆడారు. పెద్దాయన ముఖం వికసించింది. కాని మేము ఈ కథ చెప్పినది ఆ ముగింపు కోసం కాదు. ఆ ప్రమాదం తరువాత ఆడగలిగినవారు ఆయన ఒక్కరు. అదే ప్రమాదంతో ఆట ముగిసిపోయేవారే ఎక్కువ. అలాంటి రోజున ఆ కుర్రవాడికి ఏమి మిగులుతుందన్నదే తల్లిదండ్రులు వేయవలసిన ప్రశ్న.

వేగంగా బంతి వేసే పిల్లల విషయంలో ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. ఎదిగే వయసులో వెన్నెముక దిగువ ఎముకలలో సన్నని పగుళ్ళు రావడం ఈ బౌలర్లలో తరచుగా కనబడే గాయం; నెలల తరబడి బంతి ముట్టుకోకూడదు. అందుకే ఒక విడతలో ఎన్ని ఓవర్లు, ఒక రోజులో ఎన్ని ఓవర్లు అన్నది వయసును బట్టి ఇంగ్లండు క్రికెట్ బోర్డు పరిమితం చేసింది. అయితే అబ్బాయి పాఠశాలకు ఆడతాడు, క్లబ్బుకు ఆడతాడు, కౌంటీకి ఆడతాడు. మూడు చోట్ల ముగ్గురు కోచ్‌లు. మొత్తం ఓవర్లను లెక్కపెట్టే మనిషి ఎవరు? ఆ మనిషి పేరు చెప్పగలిగిన పాఠశాల వేరు, "మేము చాలా జాగ్రత్తగా చూసుకుంటాము" అనే పాఠశాల వేరు. గాయపడి ఏడాది ఆడలేకపోతే స్కాలర్‌షిప్ ఉంటుందా, పోతుందా అన్నది కూడా కాగితం మీదనే రావాలి.

ఇంకొక సంగతి తండ్రి గమనించినట్లు లేదు. ఇంగ్లండులో క్రికెట్ వేసవి ఆట. ఎ లెవెల్ పరీక్షలు మే, జూన్ నెలల్లో జరుగుతాయి. అనగా రెండవ సంవత్సరంలో పరీక్షలూ మ్యాచ్‌లూ ఒకేసారి మీద పడతాయి. పాఠశాల తరఫున తీరికగా ఆడగలిగేది మొదటి వేసవి ఒక్కటే. చలికాలపు నెలల్లో పైకప్పు కింద సాధన ఎలా జరుగుతుంది, ఎవరు నేర్పుతారు, చదువులో వెనుకబడితే ఎవరు పట్టించుకుంటారు అన్నవాటికే ఈ సొమ్మంతా. పచ్చని మైదానాల ఫొటోలకు కాదు.

ఇక తల్లి భయం. దానిని తేలికగా తీసుకోలేము, అలాగని భయంగానే వదిలిపెట్టలేము. డిసెంబరులో లెస్టర్ ప్రాంతంలో సాయంత్రం 4 గంటలకు ముందే పొద్దు గుంకుతుంది. జొహర్, అసర్, మగ్రిబ్ మూడూ తరగతులకూ సాధనకూ మధ్యనే ఇమడాలి. జూన్‌లో తొమ్మిదిన్నరకు గాని పొద్దు గుంకదు. ఇషా వేళకు వసతిగృహంలో దీపాలు ఆర్పేస్తారు. కాబట్టి "నమాజుకు అనుమతిస్తారా" అని అడిగితే ఎవరైనా "తప్పకుండా" అంటారు. ఏ గది, ఏ వేళ, జుమాకు ఎక్కడికి, ఎవరు తీసుకువెళతారు అని అడగాలి. లెస్టర్‌లో వీధి మలుపులో మస్జిద్ దొరుకుతుంది. పల్లె నడుమ ఉన్న పాఠశాలకు మస్జిద్ ఎన్నో మైళ్ళ దూరంలో ఉండవచ్చు. రంజాన్ గురించి మాత్రం మాకు పెద్ద దిగులు లేదు. 2028లో అది జనవరి చివరలో మొదలవుతుంది. పగళ్ళు చిన్నవి, క్రికెట్ కాలమూ కాదు. సహరీకి వంటగది తెరుస్తారా అన్నది తేల్చుకుంటే చాలు. వసతి పాఠశాలలకు ఇంగ్లండు ప్రభుత్వం విధించిన ప్రమాణాలలో మతపరమైన ఆహార నియమాలను గౌరవించడం ఒకటి. హలాల్ మాంసమా, చేపలూ శాకాహారమేనా అన్నది వంటవారితోనే మాట్లాడి తెలుసుకోవాలి.

అనేక పాత పాఠశాలలు చర్చి పునాదిపై వెలసినవి. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో సిక్స్త్ ఫామ్ విద్యార్థి సామూహిక ప్రార్థన నుంచి తనకు తానే తప్పుకోవచ్చు. ప్రైవేటు పాఠశాలలో ఆ పాఠశాల నియమమే నియమం. చాపెల్‌కు హాజరు తప్పనిసరి కావచ్చు. మౌనంగా కూర్చోవడమా, పాల్గొనడమా అని ముందే మర్యాదగా అడిగితే దాదాపు ఎవరూ నొచ్చుకోరు. కొన్ని పాఠశాలల్లో పై తరగతి వారికి శనివారం రాత్రి పెద్దల పర్యవేక్షణలో బీరు ఇచ్చే ఆనవాయితీ కూడా ఉన్నది. తల్లిదండ్రుల అనుమతి అడుగుతారు. అనుమతి లేదని రాసి ఇవ్వండి, అబ్బాయికి తెలిసేలా ఇవ్వండి.

ఇవన్నీ ఎవరి చేతిలో ఉంటాయి? కోచ్ చేతిలో కాదు. పన్నెండవ ఏట మమ్మల్ని మదరసాలో వదిలి మా నాన్నగారు బస్సెక్కిన రాత్రి మాకు జ్ఞాపకం. పెద్ద పెద్ద ఉలమాల పేర్లు విని చేర్చారు గాని, ఆ రాత్రి మాకు కావలసి వచ్చింది లాంతరు పట్టుకుని వచ్చి దుప్పటి సరిచేసిన నిగ్రాన్ సాబ్. ఇంగ్లండు వసతి పాఠశాలలో ఆ స్థానం హౌస్‌మాస్టర్‌ది. అరవై మంది పిల్లల ఇంటిపెద్ద. ఆయనతో అరగంట మాట్లాడకుండా ఏ పాఠశాలనూ నిర్ణయించవద్దని మేము కోడలికి రాశాము. తనిఖీ నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు, చదవాలి కూడా. కాని మీ పాఠశాలలో గాయపడిన ఒక ఆటగాడికి ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పండి అని ఆయనను అడిగితే వచ్చే జవాబు ఏ నివేదికలోనూ దొరకదు.

అసలు వసతి పాఠశాలే దిక్కా అన్నది కూడా రాశాము. మొయీన్ అలీ బర్మింగ్‌హామ్‌లోని మోజ్లీ పాఠశాలలో చదివారు; అది ప్రభుత్వ పాఠశాల. ఇంటి నుంచే సిక్స్త్ ఫామ్ చదువుతూ కౌంటీలో సాధన చేయడం చిన్నతనం కాదు. ప్రభుత్వ వసతి పాఠశాలలు కూడా ఆ దేశంలో కొన్ని ఉన్నాయి. అక్కడ చదువు ఉచితం, వసతికే రుసుము.

చివరగా, అబ్బాయి ఏమంటున్నాడో నాలుగు పేజీలలో ఎక్కడా లేదు. ఈ ప్రశ్నలు అతనే అడగాలని, తన నమాజు గది గురించి తన నోటనే మాట్లాడాలని రాసి పంపాము.

ఈ నెల మొదటి వారంలో జవాబు వచ్చింది. రెండు పాఠశాలలు రంగుల పుస్తకాలు పంపి ఊరుకున్నాయి. మూడవ పాఠశాల హౌస్‌మాస్టర్ అబ్బాయితోనే నలభై నిమిషాలు మాట్లాడి, అక్టోబరులో ఒక రాత్రి వచ్చి ఉండమన్నారు. గాయపడితే స్కాలర్‌షిప్ సంగతి మాత్రం ఇంకా కాగితం మీదికి రాలేదు. ఉత్తరంతో పాటు అబ్బాయి గొంతు రికార్డు చేసి పంపాడు. తెలుగు కొంచెం తడబడుతూ ఉంటుంది. "మౌలానా సాబ్, నాకు వెళ్ళాలని ఉంది. కాని నా వెన్ను పోతే దాదాకు తోట తిరిగి రాదు కదా? అది ఎవరిని అడగాలి?"

పెద్దాయనకు ఫోనులో వినిపించాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తోటను ఈ ఏటికి గుత్తకు ఇస్తున్నానని, బేరగానికి మాత్రం అక్టోబరు దాటాక రమ్మని చెప్పానని అన్నారు.