ఒక చెవి రోడ్డుకి

పండక్కి గార్ల వెళ్తే మా బాబాయి కూతురు స్క్రీన్ పగిలిన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా. ఫోన్ లేకుండా పాటలొచ్చే చిన్న డబ్బా ఏదన్నా ఉంటే చెప్పు" అంది. సాఫ్ట్‌వేర్ అంటే చాలు, ప్రింటర్ నుంచి మిక్సీ దాకా అన్నీ మనకే అప్పజెప్తారు. ఇది మాత్రం నాకు ఇష్టమైన పనే. హైదరాబాద్‌లో నేనూ పొద్దున్నే పరిగెత్తే బాపతే.

చెల్లె కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేరవుతోంది. 2022 నోటిఫికేషన్‌లో మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చెయ్యాలని పెట్టారు. వచ్చేసారీ అలాగే ఉంటుందనుకుని రోజూ తెల్లారి అయిదింటికే రోడ్డెక్కుతోంది. చెవిలో పాట ఉంటే కాళ్లు ఆగవట. ఒకరోజు చేతిలో ఫోన్ జారి పడింది. తన నోట్సు, ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి ఫోన్‌పే, అన్నీ అందులోనే. అంటే ఆ రోజు ఆగింది పాట ఒక్కటే కాదు, చదువు కూడా.

పైగా ఇప్పటి ఫోన్లు దగ్గర దగ్గర 200 గ్రాములు. అదేం బరువు అంటారేమో, నీళ్ల గ్లాసు ఒక చేతిలో పట్టుకుని రెండు కిలోమీటర్లు పరిగెత్తి చూడండి.

ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టా. ముందు గుర్తొచ్చింది ఐపాడ్ షఫుల్. 2005లో వచ్చింది. స్క్రీన్ లేదు. తర్వాత మోడల్‌కి క్లిప్ కూడా పెట్టారు, చొక్కాకి తగిలించుకుని పోవడమే. 2017లో ఆపేశారు. అప్పటికి అందరి పాటలూ ఫోన్లలోని యాప్‌లకి మారిపోయాయి. ఆ చిన్న డబ్బాలో ఇంటర్నెట్టే లేదాయె.

ఇక్కడే అసలు చిక్కు. స్ట్రీమింగ్ కావాలంటే నెట్ కావాలి, యాప్ కావాలి, లాగిన్ కావాలి. ఇవన్నీ కలిపి చిన్న డబ్బాలో పెడితే మళ్లీ తయారయ్యేది ఫోనే!

"మరి యాప్‌లో డౌన్‌లోడ్ కొట్టి, ఆ ఫైల్ వేరే ప్లేయర్‌లో ఏసుకుంటే?" అని అడిగింది చెల్లె. మంచి ప్రశ్న. డౌన్‌లోడ్ కొడితే పాట ఫోన్‌లోకి వస్తుంది కానీ తాళం వేసుకుని వస్తుంది. తాళంచెవి ఆ యాప్ దగ్గరే ఉంటుంది. ఫైల్ కాపీ చేసినా ఇంకోచోట మోగదు. అది మనం కొన్న పాట కాదు, అద్దెకు తెచ్చుకున్న పాట. చందా ఆపితే ఆ డౌన్‌లోడ్ పాటలు కూడా పోతాయి.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది ఈ-సిమ్ ఉన్న వాచ్. ఫోన్ ఇంట్లో పెట్టి పోయినా పాట నేరుగా వాచ్‌కే వస్తుంది. ధర చూసి చెల్లె వాచ్ ఫొటోకే దండం పెట్టింది. రెండోది, చందా పాటల్ని తనలో దాచుకునే పరికరాలు. గార్మిన్ ఫోర్‌రన్నర్ 245 మ్యూజిక్ అనే వాచ్‌లో 500 పాటల వరకు పడతాయి. అమెరికాలో మైటీ అని షఫుల్ లాంటి క్లిప్ ప్లేయర్ కూడా వచ్చింది. వైఫైలో ప్లేలిస్టు ఎక్కించుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. కానీ అది స్పాటిఫై, అమెజాన్ మ్యూజిక్‌లకే. చెల్లె వాడే జియోసావన్ దానికి పడదు.

మూడోది మన పాత ఎంపీ3 ప్లేయర్. పేరున్న కంపెనీది కాదు. వెయ్యి లోపు దొరికింది, మెమరీ కార్డు వేసుకోవచ్చు, ఎఫ్‌ఎం కూడా ఉంది. నాలుగు నిమిషాల పాట 128 కేబీపీఎస్‌లో దాదాపు 4 ఎంబీ. 32 జీబీ కార్డులో ఎంత లేదన్నా 8,000 పాటలు. బాబాయి బీరువాలో ఉన్న పాత ఆడియో సీడీలు తీసి, లాప్‌టాప్‌లో ఎంపీ3లుగా మార్చి ఎక్కించా.

అంతా అయ్యాక చిన్నమ్మ అడ్డుపడింది. "చీకట్ల రెండు చెవులు మూస్కొని ఉరికితే ఎనక ఎవడొస్తుండో ఎట్ల తెలుస్తది?"

ఆమె మాటకి నవ్వలేకపోయా. ఎందుకంటే ముందు రోజు పొద్దున డోర్నకల్ వైపు రోడ్డు మీద నాకు జరిగింది ఎవరికీ చెప్పలేదు. చెవుల్లో బయటి చప్పుడు రానివ్వని ఇయర్‌బడ్స్. వెనక ట్రాక్టర్, దానికి ట్రాలీ. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడట. నాకు మాత్రం డ్రమ్స్ తప్ప ఏమీ వినపడలేదు. ట్రాలీ అంచు మోచేతిని రాసుకుని పోయాక తెలిసింది. గార్ల అంటే కాజీపేట-విజయవాడ రైల్వే లైను మీది ఊరు. 2023 జనవరి నుంచి వందే భారత్ కూడా ఇటే పోతోంది. అలాంటి ఊళ్లో చెవులు మూసుకుని తిరగడం మంచిది కాదు.

అందుకే ఇంట్లో ఒక రూల్ పెట్టుకున్నాం. వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడాలి, ఒక చెవికే పెట్టుకోవాలి. రెండో చెవి రోడ్డుకి. ఒక పక్కే వింటే స్టీరియో పాటలో కొన్ని వాయిద్యాలు మాయమవుతాయి కాబట్టి పాటలన్నీ మోనోలోకి మార్చి ఎక్కించా. ఇంకో లాభం కూడా దొరికింది. చిన్న ప్లేయర్లలో ఎఫ్‌ఎంకి ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. చెరువు కట్ట ఎక్కితే గరగర తగ్గి కొత్తగూడెం ఆకాశవాణి పలుకుతుంది. నెట్ లేదు, లాగిన్ లేదు, చందా లేదు. ఇదీ స్ట్రీమింగే కదా!

చివర్లో చెల్లెకి ఒక మాట చెప్పా. పరీక్ష గ్రౌండ్‌లో పాట ఉండదు. పాట మీదే ఆధారపడితే ఆ రోజు కాళ్లు పాటను వెతుక్కుంటాయి. 5 నిమిషాల 20 సెకన్లంటే ఒక పాట పూర్తయి, రెండో పాట పల్లవి దాటేంత సేపు. అందుకే నెమ్మదిగా పరిగెత్తే రోజుల్లో పాట, టైం చూసుకునే రోజుల్లో ప్లేయర్ ఇంట్లో.

పండగప్పుడు తన టైం 5 నిమిషాల 50 సెకన్లు. పోయిన వారం ఫోన్ చేసింది. "అన్నా, 5:31. పాట లేకుండనే."

ఇంకో 11 సెకన్లు. అవి ఏ ప్లేయర్‌లోనూ దొరకవు. మీరు మాత్రం రేపు పొద్దున పరిగెత్తడానికి బయల్దేరేటప్పుడు ఒక చెవి ఖాళీగా పెట్టుకోండి. మీ వెనక కూడా ఏదో ఒక ట్రాక్టర్ వస్తూనే ఉంటుంది.