పేరు ఎవరి పేరున ఉన్నది?



నల్లని తెర మీద ఆదేశాలు టైపు చేయడం ఇంజనీర్ల విద్య అని మన భాషాభిమానులలో పెక్కుమంది తలుస్తారు. నేను ఒప్పుకోను. సొంత డొమైను పేరు మీద తెలుగు వ్రాసే ప్రతివారికీ రెండు ఆదేశాలైనా తెలిసి ఉండవలె. తన ఇంటి పట్టా చదువుకోవడానికి ఎవరూ ప్లీడరు కానక్కరలేదు గదా!

మొదటిది 'డిగ్'. పేరు చెబితే, ఆ పేరు గల సర్వరు అంకెల చిరునామాను చూపుతుంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైను నామ వ్యవస్థను రూపొందించక పూర్వం యంత్రాల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. ఇప్పుడా నిఘంటువు లోకమంతటా పంచి ఉన్నది. డిగ్ పక్కన కూడిక గుర్తు, 'ట్రేస్' అనే మాట, మన డొమైను పేరు చేర్చి అడిగితే, వెతుకులాట ముందు మూల సర్వర్ల వద్దకు, పిదప చివరి పదమైన 'కామ్' వద్దకు, ఆ తరువాతనే మన పేరు వద్దకు చేరడం కనిపిస్తుంది. తత్పురుషంలో వలె ఇక్కడా ఉత్తరపదానిదే ప్రాధాన్యం. ఇది డొమైను పేరుకు విగ్రహవాక్యమన్నమాట. విండోసు వాడేవారికి 'ఎన్ఎస్‌లుకప్' సిద్ధంగానే ఉంటుంది. అది చిరునామా వరకు చెబుతుంది.

రెండవది 'హూఈజ్'. పేరు ఏ రిజిస్ట్రారు వద్ద ఉన్నది, ఎప్పుడు నమోదైనది, గడువు ఎప్పుడు అన్నవి చెబుతుంది. 2018 నుండి యజమానుల సొంత వివరాలు చాలావరకు మరుగున పడ్డాయి గాని తేదీలు కనిపిస్తూనే ఉన్నాయి. 2025 జనవరి 28 తరువాత కామ్, నెట్ వంటి వాటికి ఈ పాత సేవ తప్పనిసరి కాదు. దాని స్థానాన్ని 'ఆర్‌డాప్' తీసుకొన్నది. ఆదేశం మౌనం వహిస్తే 'ఐకాన్' సంస్థ వారి లుకప్ పుటలో అడగవచ్చు.

ఇంత శ్రమ ఎందుకందురా? మనలో చాలామంది పేరును ఏ మేనల్లుడి చేతనో, మిత్రుని చేతనో కొనిపించుకొన్నవారే. గడువు హెచ్చరికలు వారి పాత ఈమెయిలుకు పోతాయి, అక్కడే అణగిపోతాయి. గడువు దాటి రిజిస్ట్రారు కామ్ పేరును తొలగిస్తే, తిరిగి దక్కించుకోవడానికి 30 దినాలు, ఆపై మరి 5 దినాల నిరీక్షణ, తరువాత అది ఎవరిదైనా కావచ్చు. నిన్నటి వరకు పద్యాలున్న చిరునామాలో రేపు జూదం ప్రకటనలు వెలుస్తాయి. టపాలు సర్వరులో భద్రంగా ఉన్నా, తోవ చూపే పేరు పోయిన పిదప చదువరి ఎట్లా వస్తాడు? ఇతరులు మనకిచ్చిన లంకెలన్నీ ఆ జూదశాలకే దారితీస్తాయి.

ఉచిత గూళ్ళలో వ్రాసే నావంటివారికి ఈ బెడద లేదనుకోవడానికీ వీలులేదు. ఇటువంటి పుటను గురించి హూఈజ్‌ను అడిగితే మన పేరు కనిపించదు. మనం అద్దె కట్టని అద్దెవారం. 2009లో యాహూ వారు జియోసిటీస్‌ను మూసినప్పుడు ఎందరి పుటలో ఒక్కసారిగా నిలువ నీడ కోల్పోయాయి. కనుక మన వ్రాతల ప్రతి ఒకటి ఇంట ఉండవలె.

సొంత పేరు గలవారు ఈ పూటే ఆ తేదీ అడిగి చూడండి. గోడ మీది క్యాలెండరులో పండుగల సరసన దానినీ వ్రాసిపెట్టుకొనండి. పేరు నిలబెట్టుకోవడమంటే తెలుగువారికి వేరే చెప్పాలా?

సెలవు.