ఆడిగాలికి భయపడి పిల్లకి తాళమా?

మన తాత బెల్లం మూట కట్టుకుని ఆడి నెలలో పొల్లాచ్చి సంతకి సైకిలు తొక్కిన కథ తెలియనివాళ్ళు మన ఇంట్లో లేరు. పెళ్ళి పందిట్లో చెప్తాం, ఈ పేజీలోనూ రాసుకున్నాం. పోయిన వారం మా అన్న కూతురు బడికి పోతూ గాలికి పడి మోచెయ్యి గీరుకుంది. పెద్దలు చేసిన మొదటి పని ఏమిటి? పదకొండో తరగతిలో సర్కారు ఇచ్చిన సైకిలుకి తాళం వేసి, చెవి బీరువాలో పెట్టడం. అది ఇప్పుడు గంటకోసారి వచ్చే బస్సు కోసం నిలబడుతోంది. సాయంత్రం ట్యూషన్ మానేసింది.

పోయినేడు పెద్దనైనా మనవడూ అదే దారిలో పడ్డాడు. వాడికి కట్టు కట్టి, "మగపిల్లాడు, పడితేనే నేర్చుకుంటాడు" అన్నారు. గాలికి మగా ఆడా తెలుసా నైనా?

గాలి ఉత్తిదని నేను అనడం లేదు. "ఆడి కాత్తుల అమ్మియుం పరక్కుం" అని ఇక్కడివాళ్ళు ఊరికే అనలేదు; సన్నికల్లు కూడా ఎగిరిపోతుందట. ఉత్తరాన నీలగిరిలో దొడ్డబెట్ట 2637 మీటర్లు, దక్షిణాన ఆనమలలో ఆనముడి 2695 మీటర్లు. ఆ రెండు కొండల వరసల మధ్య పాలక్కాడు కనుమ దాదాపు 30 కిలోమీటర్ల వాకిలి. నైరుతి గాలంతా ఆ వాకిట్లో దూరి మన మీదికే వస్తుంది. ఉడుమల్‌పేట చుట్టూ అన్ని గాలిమరలు నిలబెట్టింది అందుకే.

అయితే ఆ గాలిలో ఎట్లా తొక్కాలో దానికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. "జాగ్రత్తగా పో" అన్నాం, అంతే. జాగ్రత్త అంటే ఏమిటో నేను చెప్తాను.

ఎదురుగాలితో పంతం పట్టకూడదు. 15 కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్ళకి ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వస్తే అడ్డం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. పావుగంట ముందు బయలుదేరి మెల్లగా తొక్కాలి.

పడేసేది ఎదురుగాలి కాదు, పక్కగాలి. మన బడి దారి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది, గాలి పడమటిది. పొద్దున ఎడమ నుంచి తోసి రోడ్డు మధ్యకి నెడుతుంది. సాయంత్రం కుడి నుంచి వస్తుంది. మనం కుడికి వాలి తొక్కుతుంటాం, లారీ దాటేటప్పుడు గాలి ఆగిపోతుంది, సైకిలు లారీ వైపే ఒరుగుతుంది. అందుకని వెనక లారీ హారన్ వినబడితే దిగి పక్కన నిలబడాలి. దిగడం అవమానం కాదు. కొబ్బరితోపు అయిపోయి బయలు వచ్చేచోట ముందే మెల్లబడాలి. తోపు కింద మాత్రం ఆగకూడదు, మట్టలు పడతాయి. పుస్తకాల సంచి ముందు బుట్టలో వద్దు, హ్యాండిల్ తిరిగిపోతుంది. వెనక క్యారియర్‌కి బిగించి కట్టాలి. దుపట్టా నడుముకి ముడేయాలి. గొడుగు పట్టుకుని తొక్కనే కూడదు. మోచేతులు బిగించకుండా కాస్త వంచి పట్టుకోవాలి.

మా అన్న కూతురు పడినరోజు సంచి ముందు బుట్టలోనే ఉంది. ఆ సంచి వెనక కట్టడానికి ఒక తాడు చాలు. మనం తాడు ఇవ్వలేదు, తాళం ఇచ్చాం.

"ఏదైనా అయితే ఎవరు జవాబు?" అని అత్త అడిగింది. న్యాయమైన మాటే. సైకిలు గీత మీద నిలవనంత గాలి ఉన్న రోజు బస్సులోనే పోవాలి, ఆ మాట మగపిల్లాడికీ చెప్పాలి. కానీ అట్లాంటి నాలుగు రోజుల కోసం ఏడాదంతా తాళమా?

మూడు తరాలుగా తమిళ సీమలో ఉండి, ఇంట్లో తెలుగు పోకుండా కాపాడుకున్నామని చెప్పుకుంటాం. భాష ఒకటే ఆస్తి కాదు. ఈ గాలిలో బతకడం కూడా తాత ఇచ్చిన ఆస్తే. దాన్ని మగపిల్లలకే పంచుతామా?

ఈ ఆదివారం నేను వస్తున్నాను. తాడు తెస్తాను. పిల్లతోబాటు బడిదాకా నేనూ తొక్కుతాను. పెద్దనైనా, బీరువా చెవి తీసి పెట్టండి.