ఓడల ఒడంబడిక

ఓడల ఒడంబడిక యనగానే టన్నుల లెక్కలు, కేవుల పట్టికలు నని తలచి పుట త్రిప్పివేయు పాఠకులు పెక్కుమంది కలరు. 1923లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకిని బ్రిటిష్ ఇండియా కంపెనీకిని కుదిరిన ఒడంబడికను మాత్రము చదివి చూడవలెనని మా మనవి. పరాధీనదేశపు వర్తకుడు బేరమునకు కూర్చున్నపుడు ఆతని వెనుక నెవ్వరును నిలువకుండుట అందు తేటతెల్లముగా కనబడును.

వాల్చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ ప్రభృతులు సింధియాను 1919లో స్థాపించి, 'లాయల్టీ' యను ఓడను ఏప్రిల్ 5వ తేదీన బొంబాయినుండి లండనునకు నడిపిరి. పిదప తీరపు వర్తకమున కాలిడగానే బ్రిటిష్ ఇండియావారు కేవులను తెగ తగ్గించిరి. ఇది వారికి క్రొత్తవిద్య కాదు. 1906లో చిదంబరం పిళ్ల తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీని పెట్టినపుడును ఇదియే పన్నాగము. ప్రయాణికులను ఊరకే ఎక్కించుకొని పైగా గొడుగు నిచ్చిరని నేటికిని చెప్పుకొందురు.

కేవు తగ్గిన వర్తకునికి లాభమే కదా యని కొందరందురు. బియ్యపు వర్తకునికి చౌక కేవు కావలెను, స్వదేశపు ఓడవానికి బ్రతుకుతెరువు కావలెను. ఈ రెండును దేశప్రయోజనములే. కాని యా చౌక పోటీ యున్నన్నినాళ్లే. రిబేటు పద్ధతిని చూడుడు. వర్తకుడు కొన్నినెలలు తమ ఓడలకే సరకు వేసినచో, చెల్లించిన కేవులో కొంతభాగము ఆలస్యముగా తిరిగి యిత్తురు. నడుమ నొక్క మూట వేరొక ఓడ కెక్కించెనా, రావలసినదంతయు పోయినట్లే. వర్తకుని సొమ్ముతోనే వర్తకునికి సంకెల!

ఎదుట కూర్చున్నవాడు ఇంచ్‌కేప్ ప్రభువు. పి. అండ్ ఓ., బ్రిటిష్ ఇండియా కంపెనీలు రెంటికిని ఆతడే పెద్ద. 1922-23లో భారతప్రభుత్వపు వ్యయము తగ్గించు సంఘమునకును ఆతడే అధ్యక్షుడు. ఒకచేత సర్కారు పద్దులు దిద్దుచు, రెండవచేత స్వదేశపు ఓడలవారితో బేరమాడుచుండగా, దొరతనమువారి కిందు విపరీత మేమియు తోచలేదు.

సింధియాను కొనివేయుదమని మొదట అడిగిరి, అది పొసగలేదు. తుదకు పదియేండ్ల గడువుతో ఒడంబడిక వ్రాసికొనిరి. పోటీ ఆగెను, తీరమున సింధియాకు చోటు దొరకెను. దానికి మారుగా వారి ఓడలు 75,000 టన్నులు మించరాదు, తీరపు సరకు విడిచి దూరసముద్రములకు పోరాదు. లండను త్రోవ మూతపడెను.

ఇది దాస్యపత్రమని తిట్టుట సులభము. మేమట్లు తిట్టజాలము. సంతకము చేయకున్నచో తూత్తుకుడి కంపెనీకి పట్టిన గతియే దీనికిని పట్టియుండును. తప్పు వ్రాలు చేసినవారిది కాదు, కావలి కాయవలసినవారిది. దొరతనమువారు తామే నియమించిన నౌకావర్తక విచారణసంఘము 1924లో తీరపు వర్తకము స్వదేశీయుల ఓడలకు క్రమముగా దక్కవలెననెను. 1928లో సారాభాయి హాజీగారు అందులకై బిల్లు తెచ్చిరి. అది చట్టము కాలేదు. 1935 నాటి చట్టమున బ్రిటిషు ఓడలకు భేదము చూపరాదని నిబంధనలే చేర్చిరి. కంచె చేను మేయుట యన నిదియే.

కాకినాడ, విశాఖపట్టణము రేవుల నుండి రంగూను మిల్లులకు పోయిన మన తెలుగు కూలీలను ఈ బేరమున తలచినవా రెవ్వరు? డెక్కుపై ఎండకు వానకు ఓర్చి వారు బ్రిటిష్ ఇండియా స్టీమర్లలోనే పోయిరి. వారి టిక్కెట్టు సొమ్మును ఆ కంపెనీకే చేరెను.

1941 జూన్ 21న విశాఖపట్టణమున సింధియావారి ఓడల కర్మాగారమునకు బాబూ రాజేంద్రప్రసాదు పునాది వేసిరి. 1948 మార్చి 14న 'జల ఉష' నీట దిగెను. అయినను నేటికిని మన విదేశవర్తకపు సరకులో అధికభాగము పరుల ఓడలలోనే పోవుచు, దాని కేవు విదేశద్రవ్యముగా వెడలిపోవుచున్నది. ఆ ఒడంబడికల గడువెంత, టన్నులెన్ని, మూతపడిన త్రోవలేవి యని పార్లమెంటున అడుగు మన సభ్యులెందరో తెలిసికొన గోరుచున్నాము.