యుద్ధపు బొమ్మలకథలు – మన పిల్లలు

యుద్ధమును గూర్చిన బొమ్మలకథల పుస్తకములను పిల్లలు చదువవచ్చునా, కూడదా యని కొందఱు తలిదండ్రులు మమ్ము నడుగుచుందురు. చదువవచ్చుననియే మా యభిప్రాయము. కాని యంతటితో పని తీరదు. ఆ బొమ్మలు చూపనిదానిని పెద్దలు చెప్పవలయును.

దృష్టాంతముగా ‘బాయ్ కమాండోస్’ అను నమెరికా కామిక్కును గైకొందము. రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండగా 1942వ సంవత్సరమున జో సైమన్, జాక్ కిర్బీ యను నిరువురు దీనిని సృజించిరి. ఫ్రాన్సు, హాలెండు, ఇంగ్లండు, అమెరికా దేశములకు జెందిన నలుగురు బాలురు, రిప్ కార్టర్ అను సైనికాధికారి వెంట నడచి, నాజీలతో పోరాడుదురు. దౌర్జన్యమునకు తల యొగ్గకుండుట, ఆపదలో చెలికాని విడువకుండుట ఇందలి మంచి పాఠములు. వీనిని మేము కాదనము. అయితే, ఇట్టి కథలలో బాలుడు శత్రువుల నడుమకు దూకి, తుదిపుటలో నవ్వుచు మరలివచ్చును.

నిజమైన పోరాట మట్లుండదు. ఇందులకు దూరదేశములకు బోనక్కఱలేదు. మొన్నటివఱకు మన వరంగల్లు జిల్లాలో నుండి, నేడు సిద్దిపేట జిల్లాలో జేరిన బైరాన్‌పల్లిని చూడుడు. నిజాము పక్షమున నాయుధములు పట్టిన రజాకార్లు దాడికి రాగా, ఆ గ్రామస్థులు బురుజుపై కావలియుండి వారి నెదిర్చిరి. 1948 ఆగస్టు 27వ తేదీన రజాకార్లును నిజాము సైనికులును గూడి యూరిపై బడి, ఎనుబదిమందికి పైగా జంపిరి. భారతసైన్యము హైదరాబాదు సంస్థానమున బ్రవేశించినది సెప్టెంబరు 13న, అనగా పదునేడు దినములకు బిమ్మట. చచ్చినవారికి దాని ఫలము దక్కలేదు.

బొమ్మలు దాచునది మఱియొకటి గలదు. వానిలో శత్రుపక్షమువారి కందఱకు నొక్కటే ముఖము. మన చరిత్ర మట్లు గాదు. రజాకార్ల యకృత్యములను తన ‘ఇమ్రోజ్’ పత్రికలో ఖండించి, ఆ 1948 ఆగస్టులోనే హైదరాబాదున హత్య గావింపబడిన షోయబుల్లాఖాన్ ముసల్మాను. ఆయన పట్టినది తుపాకి గాదు, కలము. ఆయనను మించిన ధైర్యశాలి యే బొమ్మల పుస్తకమున గలడు?

కావున తలిదండ్రులారా, పిల్లల చేతినుండి యా పుస్తకమును లాగికొనకుడు. ప్రక్కన గూర్చుండి వారితో జదువుడు. ఈ పోరున మరణించిన దెవరు? వారి యిండ్లలో మిగిలిన దెవరు? ఎదుటి పక్షమున న్యాయ మెఱిగినవా డొక్కడైన లేడా? అని యడుగుడు. వీలైన సెలవుదినమున బైరాన్‌పల్లికి దీసికొనిపొండు. నేటికిని నిలిచియున్న యా బురుజు క్రింద, బొమ్మలకథ చెప్పక విడిచినది వారికి దెలియును.