కాదంటే కక్షేనా?

ప్రేమించిన పిల్ల కాదన్నదని కక్ష గట్టే కుర్రాళ్ల సంగతి మనకు కొత్త కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వారిలో ఒకరు చనిపోయారు.

యాసిడ్ దాకా పోని దౌర్జన్యం ఇంకెంతో వున్నది. బస్టాండు దగ్గర దారి కాయడం, ఫోను లాక్కుని ఎవరితో మాట్లాడావని నిలదీయడం, చెంప మీద కొట్టి మర్నాడు కాళ్ల మీద పడడం. ఇష్టం కాబట్టే అనుమానమని స్నేహితులు వత్తాసు పలుకుతారు. అది ఇష్టం కాదు, పెత్తనం.

చెయ్యి లేచేముందు మనసులో ఒక బాధ లేస్తుంది. నలుగురిలో పరువు పోయిందన్న మంట, తనను వదిలేస్తుందేమోనన్న భయం. గుండె దడదడలాడుతుంది, పిడికిలి బిగుస్తుంది. ఆ బాధను దిగమింగడం రానివాడు దాన్ని ఎదుటి మనిషి మీద చూపిస్తాడు. మందు తాగివుంటే మరీ తొందరగా చూపిస్తాడు.

ఓర్చుకోవడం నేర్పితే వచ్చే విద్యే. వచ్చేపోయే ఊపిరిని గమనించడం, ‘నాకిప్పుడు కోపం వచ్చింది’ అని గుర్తించడం, గుర్తించి ఊరకుండడం - బౌద్ధులు ఎరుక అన్నది దీన్నే. 1994లో ఢిల్లీ తీహార్ జైలులో సుమారు వెయ్యిమంది ఖైదీలకు ఈ విపశ్యన నేర్పారు. అమెరికాలో మార్షా లైనెహాన్ అనే మనస్తత్వవేత్త, బాధను తట్టుకునే పద్ధతులను వైద్యంలో భాగం చేశారు. జైలులో నేర్పేదేదో బడిలోనే నేర్పరాదా?

కోపం వచ్చిన చోటు నుంచి లేచిపోవడం, చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం, నూరు ఊపిరులు లెక్కించడం, ఆ పూట ఫోను ముట్టకపోవడం - వీటికి పైసా ఖర్చు లేదు. మనసు మరీ అదుపు తప్పితే 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అయితే ఓర్పు నేర్చుకోవలసింది చెయ్యెత్తేవాడు, దెబ్బలు తినే పిల్ల కాదు. ఆమెకు కావలసింది అండ. వద్దన్నా వెంటబడటం 2013 నుంచి చట్టప్రకారం ప్రత్యేక నేరం. యాసిడ్ దాడికి పదేళ్లకు తగ్గని జైలు. ఆపదలో 112కు గాని, మహిళల కోసమున్న 181కు గాని ఫోను చేయాలి.

అల్లరి జరిగిందని ఆడపిల్ల చదువు మాన్పించడం ఊళ్లలో ఆనవాయితీ అయిపోయింది. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి! మగపిల్లవాడు అడిగిందల్లా ఇచ్చి పెంచి, ఇరవయ్యో ఏట ‘కాదు’ అన్న మాట ఓర్చుకొమ్మంటే వాడికెలా చాతనవుతుంది? ఆ మాట తల్లిదండ్రులు ఇంట్లోనే అలవాటు చేయాలి. పంతుళ్లు, ఊరి పెద్దలు కూడా ఇది తమ పని కాదనుకోరాదు.